పెద్ద దినం ముగిశాక

కడప జిల్లా తొండూరు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఒక మనిషి పోతే ఆ ఇంటి పొయ్యి ఆరిపోతుంది గానీ ఆ ఇంటివాళ్లు పస్తుండరు. ఇరుగుపొరుగు కూడు వండి తెస్తారు. చుట్టాల ఆడవాళ్లు వీధి మొదట్లోనే గొంతెత్తి, పోయినవాణ్ణి వరసపెట్టి పిలుస్తూ శోకాలు తీస్తారు. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ చావు ఎట్లా జరిగిందో మొదటినుంచి చెప్పాలి. చెప్పిందే చెప్పడంలో గుండె బరువు కొంత దిగుతుంది. దినాలయ్యాక దగ్గరివాళ్లు పిలుచుకుపోయి తమ ఇంట్లో నిద్ర చేయిస్తారు. దుఃఖంలో ఉన్న మనిషిని ఒంటరిగా వదలకూడదని మన పెద్దలకు తెలుసు. అయితే ఈ ఏర్పాటుకు ఒక గడువుంది. పెద్ద దినం దాటగానే శనగ చేలో పని, పిల్లల బడి, అప్పుల లెక్క ముందుకొస్తాయి. నిన్నటిదాకా కలిసి ఏడ్చినవాళ్లే ‘ఇంక మరిచిపోవాల, పిల్లోళ్ల మొగం చూసి బతకాల’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట తర్వాత ఆ ఇల్లాలు మళ్లీ నోరు విప్పదు. ఊరు లేచి వెళ్లిపోయిన ఆ రోజు నుంచి ఆమె పక్కన కూర్చోవలసింది పుస్తకం. అలాంటి పుస్తకం తెలుగులో చాలా అరుదు. దాన్ని రాయడానికి కావలసిన మాటలు మాత్రం ఆ శోకాల్లోనే ఉన్నాయి.

ఇప్పుడు బస్టాండు పుస్తకాల దుకాణంలో ఓదార్పు పేరుతో దొరికేవి ఎక్కువగా వ్యక్తిత్వ వికాస పుస్తకాలు. కష్టాన్ని అవకాశంగా మలుచుకో, ఆలోచన మార్చుకుంటే బతుకు మారుతుంది అనే ధోరణి వాటిది. పరీక్ష తప్పిన కుర్రాడికి అది పనికిరావచ్చు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట చెప్పడం క్రూరత్వం. దుఃఖానికి అయిదు మెట్లుంటాయన్న మాట కూడా మన పత్రికల దాకా వచ్చింది. నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, చివరికి అంగీకారం. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ‘ఆన్ డెత్ అండ్ డయింగ్’లో ఈ దశలను చెప్పింది తమ చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో మాట్లాడిన మీదట. ఆ తర్వాత వాటిని బతికి ఉన్నవాళ్ల దుఃఖానికి కూడా కొలబద్దగా వాడడం మొదలైంది. దానివల్ల జరిగే కీడు చిన్నది కాదు. మూడేళ్లయినా ఒక పండగ పూట కన్నీళ్లు ఆగని మనిషి, నేనింకా అయిదో మెట్టు ఎక్కలేదే అని తననే తప్పుపట్టుకుంటుంది. గడువు పెట్టడంలో ఆ కొలబద్దా ఊరిలాగే మాట్లాడుతోంది.

నిజంగా తోడు నిలిచిన పుస్తకాలు వేరేగా ఉన్నాయి. భార్య పోయాక సి.ఎస్. లూయిస్ రాసుకున్న ‘ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్’ 1961లో మారుపేరుతో వెలువడింది. మతవిశ్వాసాన్ని సమర్థిస్తూ ఎన్నో పుస్తకాలు రాసిన మనిషి, ఆ విశ్వాసమే అదిరిపోతున్న రోజులను అందులో దాచుకోలేదు. అమెరికన్ రచయిత్రి జోన్ డిడియన్ భర్త 2003 డిసెంబరులో హఠాత్తుగా చనిపోయారు. 2005లో వచ్చిన ‘ది ఇయర్ ఆఫ్ మ్యాజికల్ థింకింగ్’లో ఆమె, ఆయన తిరిగొస్తే కావాలి గదా అని ఆయన చెప్పులు ఎవరికీ ఇవ్వలేకపోయిన సంగతి రాసింది. 2004 సునామీలో భర్తను, ఇద్దరు కొడుకులను, తల్లిదండ్రులను పోగొట్టుకున్న శ్రీలంక వనిత సోనాలీ దెరణియగల పుస్తకం ‘వేవ్’ వచ్చింది 2013లో. అంత కాలం తర్వాత కూడా ఆ బాధ తీరిపోయిందని ఆమె చెప్పలేదు. ఈ ముగ్గురూ మందు రాసివ్వలేదు. తమకేం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పారు. చదివే మనిషికి, ఈ పిచ్చి నా ఒక్కదానికే పట్టలేదన్న ధైర్యం కలిగేది అక్కడే. పోయినవాళ్లతో బంధం తెంచుకోవడమే కోలుకోవడం అన్న పాత అభిప్రాయాన్ని 1996లో ‘కంటిన్యూయింగ్ బాండ్స్’ అనే పుస్తకంతో పాశ్చాత్య పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టుకునే మన ఇళ్లలో ఆ బంధం తెగదన్న సంగతి ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు.

తెలుగుకు దుఃఖం కొత్త కాదు. తిక్కన స్త్రీపర్వంలో యుద్ధం గెలిచినవాళ్ల ముందు గాంధారి చేత శవాలను ఒక్కొక్కటిగా చూపించాడు. విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయిన బాధను ‘వరలక్ష్మీ త్రిశతి’గా రాశారు. నాయని సుబ్బారావు తల్లి కోసం ‘మాతృగీతాలు’ రాశారు. ఇవి మన సాహిత్యానికి గర్వకారణాలు. కానీ వీటిని అందుకోవాలంటే పద్యం తెలియాలి. పైగా వీటిలో భార్యను పోగొట్టుకున్న కవి గొంతు వినిపించినంతగా, భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి గొంతు ఆమె సొంత వచనంలో వినిపించదు. ఇక మనం విరివిగా అచ్చేసే స్మారక సంచికలు పోయినవారి గొప్పతనాన్ని చెబుతాయి. మిగిలినవారి రాత్రుల గురించి వాటిలో ఒక్క వాక్యం ఉండదు.

ఈ లోటు ఎంత లోతైనదో కడప జిల్లా మెట్ట ఊళ్లు చూస్తే తెలుస్తుంది. అప్పుతో రైతు ప్రాణం తీసుకుంటే, 2004లో వచ్చిన జీవో 421తో మొదలైన పద్ధతి ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ విచారిస్తుంది. పాసుపుస్తకం, అప్పు కాగితాలు, పోస్టుమార్టం నివేదిక. పరిహారానికి అవి అవసరమే. కానీ ఆ ఇల్లాలి జీవితంలోని అతిపెద్ద సంఘటన ఎక్కడైనా రాతలో ఉందంటే ఆ ఫైలులోనే ఉంది. ఇక సాహిత్యానికొస్తే, తొండూరు పక్కనున్న సింహాద్రిపురం మండలం పైడిపాలెంలో పుట్టిన విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి తన పత్రికకు ‘సంవేదన’ అని పేరు పెట్టుకున్నారు. ఆయన తర్వాత సీమ కథకులు కరువునూ అప్పునూ కక్షలనూ దాచకుండా రాశారు. అయినా చాలా కథలు చావు దగ్గర ఆగిపోతాయి. ఆ మర్నాటి నుంచి మొదలయ్యే కథ రాయకుండా మిగిలింది.

అప్పు తీరని ఇంటికి కావలసింది పరిహారం గానీ పుస్తకమా అని అడగవచ్చు. పరిహారం ముందు రావాలి, అందులో వాదన లేదు. అయితే డబ్బు వచ్చిన ఇంట్లో కూడా ఆ మనిషి జాగా ఖాళీగానే ఉంటుంది. ఆకలిగొన్నవాళ్లకు దుఃఖాన్ని చెప్పుకునే హక్కు లేదనడం వాళ్లను సగం మనుషులుగా చూడడమే. చదువురానివాళ్లకు పుస్తకమెందుకు అన్నది రెండో ప్రశ్న. గుర్రం జాషువా శ్మశాన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను ద్వారా అక్షరం రాని లక్షలమంది చెవిన పడ్డాయి. వాళ్లు వాటిని మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. మంచి మాట అచ్చయితే దాన్ని చదివి వినిపించే కూతురో మనవడో ఇవాళ దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఇంటి గుట్టు వీధికెక్కుతుందన్న భయం న్యాయమైనదే. అందుకే పేర్లు లేకుండా, చెప్పినవాళ్ల ఇష్టంతోనే రాయాలి. పుస్తకం వైద్యానికి బదులు కూడా కాదు. నెలల తరబడి తిండీ నిద్రా పనీ సాగనివ్వని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన జాబితాలో జబ్బుగా గుర్తించింది. అలాంటివారిని డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఆ సంగతి ఇంటివాళ్లకు తెలిపే పనీ మంచి పుస్తకం చేయగలదు.

ఇందుకు దారి మన జిల్లాలోనే ఉంది. 1820లో కడపకు వచ్చిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌను, పండితులు పక్కనపెట్టిన వేమన పద్యాలను వెతికించి 1829లో అచ్చు వేయించాడు. జమ్మలమడుగు ప్రాంతపు జానపద గాయకుడు కలిమిశెట్టి మునెయ్య ఇక్కడి పాటలను ‘రాయలసీమ రాగాలు’గా పుస్తకానికెక్కించారు. అదే శ్రద్ధతో కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, యోగి వేమన విశ్వవిద్యాలయం మన ఆడవాళ్ల శోకాలను, పెద్ద దినం తర్వాత వాళ్లు బతికిన ఏళ్లను వాళ్ల మాటల్లోనే సేకరించాలి. వాటిని శాఖా గ్రంథాలయాల్లో పెద్ద అక్షరాల పుస్తకాలుగా ఉంచాలి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. యజమాని పోయిన ఇల్లు కూడా ఆ పైసలు కడుతూనే ఉంది. ‘మరిచిపోవాల’ అన్న మాట విని నోరు మూసుకున్న మనిషికి, మరిచిపోనక్కర్లేదు అని చెప్పే ఒక్క పుస్తకమైనా ఆ పైసలకు బదులుగా మనం బాకీ ఉన్నాం.