పిల్లాడు ఏం చూశాడో అడుగుదాం

2024 మే ఎన్నికల గొడవల్లో మన మాచవరం మండలం కొత్తగణేశునిపాడులో ఆడవాళ్లు గుడిలో తలదాచుకున్నారు. ఎవరు ఏ పార్టీ అని అందరం మాట్లాడుకున్నాం. ఇలాంటి రాత్రుల్లో తలుపులు బాదుతుంటే మంచం కింద నక్కే పిల్లల్ని మాత్రం పట్టించుకోం. వాళ్లంతా దారి తప్పరు. తప్పినవాడి కేసు కాగితాల్లో దొంగతనమో కొట్లాటో ఉంటుంది గానీ ఆ భయం ఉండదు. దాన్ని రాయాల్సింది ప్రొబేషన్ అధికారి. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లాడి ఇల్లూ పరిస్థితులూ విచారించి రెండు వారాల్లో నివేదిక ఇవ్వాలి. నా దృష్టిలో ఆ చట్టానికి ప్రాణం అదే. ఆ నివేదికను మొక్కుబడిగా నింపితే, విచారణ ముగిసేదాకా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోమ్ ఉత్త నాలుగు గోడలే. నిద్రలో ఉలిక్కిపడి లేచే కుర్రాడికి కుట్టుమిషనూ కంప్యూటరూ నేర్పేముందు, అతని మాట వినే మనిషి కావాలి. ఈ సంచికలో ఏ పిల్లవాడి పేరూ, బడీ వేయలేదు. ఆ చట్టంలోని 74వ సెక్షన్ వద్దంటుంది, మా మనసూ ఒప్పుకోలేదు.