బృందచర్చలో మౌనము

ఉద్యోగముల యెంపికకై బృందచర్చల సాధన నేడు కళాశాలలలో సాగుచున్నది. ధారాళముగా మాటాడినవానిదే గెలుపు. శ్రద్ధగా వినినవానికి మార్కులు దక్కుట యరుదు.

2016లో ఆదిలాబాదునుండి విడివడి జిల్లాయైన మా నిర్మల్‌లో తెలుగు, ఉర్దూ, గోండీ, మరాఠీ, లంబాడీ భాషల పిల్లలు ఒకే తరగతిలో కూర్చుందురు. వారికి రాంజీగోండు కథను చర్చకిచ్చితిని. 1860లో ఉరికంబమెక్కిన ఆ వీరుని పక్షమున గోండులును రోహిల్లాలును కలసి పోరాడిరి. వేయిమందిని మర్రిచెట్టుకు ఉరితీసిరని జనశ్రుతి. ఇంట తెలుగు పలుకువారే మాటాడిరి; తక్కినవారు తలలూపిరి. ఏకాభిప్రాయము కుదిరినదని మురిసితిని. తప్పు నాదే.

మరువారము ఎవరి యింటిభాషలో వారు చెప్పవలెననియు, తెలిసిన తోటివాడు తెనిగింపవలెననియు నియమించితిని. గోండు బాలిక యొకతె లేచి, ‘ఆ వేయిమందిలో మనకొక్క పేరే యేల తెలియును?’ అని యడిగినది. తరువాతి వంతు ఉర్దూ బాలునిది. రోహిల్లాలలో ఆ యొక్క పేరైనను తనకు తెలియదని మెల్లగా చెప్పి కూర్చుండెను.