రెండో వకాల్తా ఎవరికోసం?

సూరత్ నగరంలో తపతీ నదికి పశ్చిమాన ఉన్న అడాజన్‌లో ఇల్లు, తెలంగాణలోని స్వగ్రామంలో పిత్రార్జితం ఉన్న ఒక తెలుగు కుటుంబంలో ఆస్తి తగాదా వచ్చిందనుకుందాం. మరమగ్గాల పని వెతుక్కుంటూ వలస వెళ్లి సూరత్‌లో స్థిరపడిన తెలుగువారు తక్కువేమీ కాదు. వారి పాత దస్తావేజులు తెలుగులో ఉంటాయి. అక్కడి జిల్లా కోర్టు వ్యవహారం గుజరాతీలో సాగుతుంది. తమ కుటుంబ వ్యవహారం ఆమూలాగ్రం ఎరిగిన స్వస్థలపు వకీలు సూరత్ వచ్చి వాదించవచ్చునా అన్నది సహజమైన ప్రశ్న.

వాదించవచ్చుననే చట్టం చెబుతోంది. ఏదైనా ఒక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైన న్యాయవాదికి దేశంలోని అన్ని న్యాయస్థానాలలోనూ వాదించే హక్కును 1961 నాటి న్యాయవాదుల చట్టంలోని 30వ సెక్షన్ కల్పించింది. ఆ సెక్షన్‌ను అమలులోకి తెచ్చే విషయం పరిశీలించవలసిందిగా 1988లో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. చివరకు అది అమలులోకి వచ్చింది 2011 జూన్ 15న. అంటే చట్టం చేసిన యాభై ఏళ్లకు! అమెరికాలో పొరుగు రాష్ట్రపు న్యాయవాది ఒక్కొక్క కేసుకూ కోర్టు నుంచి తాత్కాలిక అనుమతి పొందవలసి ఉంటుంది. మన చట్టం అంతకంటే ఉదారమైనది.

అయితే అదే చట్టంలోని 34వ సెక్షన్ న్యాయవాదుల హాజరుపై నిబంధనలు చేసే అధికారాన్ని హైకోర్టులకు ఇచ్చింది. తన జాబితాలో లేని న్యాయవాది స్థానిక న్యాయవాదితో కలిసి వకాల్తా దాఖలు చేయాలనీ, లేదా కోర్టు అనుమతి పొందాలనీ అలహాబాద్ హైకోర్టు నిబంధన విధించింది. ఇది వృత్తి హక్కును హరించేది కాదనీ, క్రమబద్ధీకరణ మాత్రమేననీ 2016లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది.

ఆ నిబంధన వెనుక సహేతుకమైన కారణం లేకపోలేదు. నోటీసు అందుకోవడానికి, వాయిదాకు హాజరు కావడానికి, కోర్టుకు జవాబుదారీగా ఉండటానికి అందుబాటులో ఒకరు ఉండాలి. కానీ ఆ ఏర్పాటు ఖర్చు భరించేది కక్షిదారే. దూరపు వకీలు ప్రయాణ ఖర్చులకు తోడు రెండో ఫీజు కూడా చెల్లించడం చిరుద్యోగికీ, మగ్గం కార్మికుడికీ గోరుచుట్టుపై రోకటిపోటే. వీడియో ద్వారా విచారణలు, ఈ-మెయిల్ ద్వారా నోటీసులు సాధ్యమైన ఈ రోజుల్లో ప్రతి కేసులోనూ స్థానిక న్యాయవాది తప్పనిసరి అనడం సమంజసం కాదు.

స్థానిక భాష, కోర్టు పద్ధతులు తెలిసిన వకీలు సాయం చాలా కేసుల్లో అవసరమే. ఆ అవసరాన్ని నిర్ణయించుకోవలసింది మాత్రం కక్షిదారు. ఇటువంటి నిబంధన ఉన్న చోట ఒక్క కేసుకు అనుమతిని సులభమైన దరఖాస్తుతో, అదనపు రుసుము లేకుండా మంజూరు చేయడం హైకోర్టుల చేతిలోని పనే. యాభై ఏళ్లు ఆలస్యంగా అందిన హక్కు రెండో వకాల్తా గడప వద్ద ఆగిపోకూడదు.