అమ్మే ముందు చదవండి

పాత నాణేలు, ఇత్తడి చెంబులు, అవ్వల వెండి కడియాలు కొనుక్కుపోయినవాళ్లు ఇప్పుడు మన ఇళ్లలో కత్తులు అడుగుతున్నారు. కందులు కోసే కొడవలి వాళ్లకి అక్కర్లేదు. తాతో ముత్తాతో యుద్ధానికి పోయి తెచ్చుకున్న పటాలం కత్తి కావాలి. వారపు సంతలోనే బేరం అయిపోతోంది. అమ్మొద్దని మేము అనడం లేదు. ఇంట్లో గింజలు లేనప్పుడు ఏ వస్తువైనా అమ్ముకుంటాం, అందులో తప్పు లేదు. చదవకుండా అమ్మడం మీదే మా పేచీ.

మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో పయనీరు దళంలో చేరి అస్సాం వైపు రోడ్డు పనికి పోయి వచ్చాడు. ఆయన తెచ్చిన కత్తి చూరులో ఉండేది. ఆయన సర్వీసు వివరాలు దొరుకుతాయేమోనని మేము ఒక కార్యాలయానికి పోతే, బల్ల వెనక కూర్చున్నాయన నవ్వాడు. "మీవాళ్లకి సైన్యంలో ఏం పని మాస్టారూ? ఎక్కడో ఎత్తుకొచ్చి ఉంటారు" అన్నాడు. ఇలాంటి మాట మనలో చాలామంది విన్నదే. దానికి జవాబు కత్తి మీదే ఉంది, మనమే చూడడం లేదు.

ముందుగా ఇటుకపొడి, గరుకు కాగితం పక్కన పెట్టండి. తళతళలాడించాలని రుద్దితే తుప్పుతోపాటు గుర్తులూ పోతాయి. గుడ్డకి కాస్త నూనె రాసి తుడిస్తే చాలు. పిడి మొదట్లో, అలుగు వెడల్పుగా ఉన్నచోట వెతకండి. కంటికి ఆనకపోతే పలుచటి కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దండి. బడిలో రూపాయి బిళ్లతో ఆడుకునే ఆటే ఇది, ఐదో తరగతి పిల్లలకి మనకన్నా బాగా వచ్చు. కత్తి ముందుకి వంగి, పదును మొదలయ్యేచోట చిన్న గాటు ఉంటే అది కుక్రీ. మడత కత్తి అయితే డబ్బా మూత తెరిచే పన్ను, తాళ్ల ముడులు విప్పే ములుకు ఉన్నాయేమో చూడండి.

కాకికాలు లాంటి మూడు గీతల బాణం కనిపిస్తే అది బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు అనే గుర్తు. దానితోపాటు ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఉంటే ఇండియా ప్రభుత్వానిది. రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా ఉంటే, ప్రభుత్వమే తనకి అక్కర్లేదని అమ్మేసిందన్నమాట. దేశం పేరు ఒక్కటే ఉండి బాణం, సంవత్సరం లేకపోతే బజారులో కొన్నది కావచ్చు. అదీ తెలుసుకోవలసిందే.

మా కత్తి మీద ఒక్క బాణమే ఉంది. అయితే దొంగ సొత్తేనా? రెండో బాణం కొట్టకుండానే యుద్ధం తర్వాత ఎన్నో వస్తువులు బయటికి వచ్చాయి. అయినా, 1882 మద్రాసు అటవీ చట్టంతో మన కొండల్ని తన ఖాతాలో రాసుకున్న ప్రభుత్వం గుర్తు అది. రోడ్డు వేసినవాడి దగ్గర మిగిలిన ఒక్క కత్తికి మనల్ని సంజాయిషీ అడుగుతారా!

సంవత్సరాన్ని మరీ జాగ్రత్తగా చూడాలి. మాదాని మీద 1943 అని ఉంది, తాత చెప్పిన కాలానికి సరిపోయింది. అదే 1917 అని ఉంటే? మొదటి ప్రపంచ యుద్ధానికి పోయినవాళ్లది కావచ్చు. ఇంకో దారి కూడా ఉంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడులయ్యాక, ఆ పోరాటాన్ని అణచడానికి అస్సాం రైఫిల్స్‌ని మన మన్యానికి దించారు. ఆ దళంలో గూర్ఖాలు ఉండేవారు. గూర్ఖా నడుముకి కుక్రీ ఉంటుంది. అంటే మీ చూరులో ఉన్నది మీ తాత మోసిన కత్తి కావచ్చు, మీ తాతని తరిమినవాడి కత్తీ కావచ్చు. ఈ రెంటికీ ఎంత తేడా! సంతలో కొనేవాడికి ఆ తేడా అక్కర్లేదు, ధర ఒకటే.

మన యువకులతోనూ ఒక మాట. కత్తి ఫొటో ఫోన్‌లో పెట్టి "మా తాత వీరుడు" అని రాసేస్తున్నారు. ఏం చేశాడో కనుక్కున్నారా? 1917లో ఛోటానాగపూర్ నుంచి ఒరాన్, ముండా, సంతాల్ మనుషుల్ని కూలిదళాల్లో ఫ్రాన్సుకి తీసుకుపోయారు. చలిలో రోడ్లు వేశారు, కలప కొట్టారు, సామాను మోశారు. అదే ఏడు మణిపూర్ కొండల్లో కుకీలు ఆ కూలికి రామన్నారు, 1919 దాకా బ్రిటిష్‌వాళ్లతో పోరాడారు. పోయినవాడూ మనవాడే, పోనన్నవాడూ మనవాడే. మా తాత తుపాకీ పట్టలేదు. పార పట్టాడు, గునపం పట్టాడు, ఈ కుక్రీతో వెదురు నరికాడు. ఆ పనిని పనిగానే చెబుతాం. పతకాల కథ కావాలంటే ఆల్బర్ట్ ఎక్కా ఉన్నాడు. 1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన ఒరాన్ బిడ్డ. ఆయన కథ పిల్లలకి తప్పక చెప్పండి. అది తెచ్చి మీ తాతకి అతికించకండి.

మా కత్తి చూడడానికి వచ్చిన కొనుగోలుదారు పెదవి విరిచాడు. నూరి నూరి అలుగు సన్నబడిందట, విలువ పోయిందట. యుద్ధంలో ఆ కత్తి ఉన్నది రెండు మూడేళ్లు. ఆ తర్వాత నలభై ఏళ్లపైన మా అవ్వ చేతిలో ఉంది. అడ్డాకుల కొమ్మలు కొట్టింది, పనసకాయ చీల్చింది, ఇటుకల పండుగకి మేకని కోసింది. పిడి పగిలితే మా ఊరి కమ్మరి కొత్తది వేశాడు. ఇదంతా చెరిగిపోతేనే ఎక్కువ ధర పలుకుతుందంటే, ఆ లెక్క ఎవరిదో ఆలోచించండి.

పోలీసు సోదాల భయానికి మా ఊళ్లో కొన్ని కత్తులు గెడ్డలో పడ్డాయని పెద్దలు చెబుతారు. మిగిలినవాటికి ప్రతి బడిలో ఒక నోటుబుక్కు పెడదాం. కొలత, గుర్తులు, పెన్సిలు అచ్చు, ఎవరు తెచ్చారు, ఎవరు వాడారు, ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారు, ఇవన్నీ కొండ భాషలో చెబితే ఆ మాటల్లోనే రాద్దాం. అమ్మినా ఆ పేజీ మన దగ్గరే ఉంటుంది. కత్తి ఎలా వచ్చిందో చెప్పగల ముసలివాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. ఈ వేసవి సెలవుల్లోనే వాళ్ల దగ్గరికి పిల్లల్ని పంపండి.