నాన్న యాప్‌కి నా సంతకం

సంక్రాంతికి ఊరెళ్తూ లాప్‌టాప్ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నా. ఒట్టయితే నిలబెట్టుకున్నాను గానీ, చేతిలో ఫోనుందిగా! నాన్న షుగర్ రీడింగులు రాసుకునే యాప్ ఒకటుంది. అన్నీ ఇంగ్లీషు మాటలు, అవీ చీమ తలకాయంత అక్షరాలు. "ఒరే, ఇందులో పొద్దుటిదేదో, తిన్నాక చూసిందేదో తెలిసి చావట్లేదురా" అన్నారు. ఇంజనీరు కొడుకుండి ఏం లాభం చెప్పండి?

ఏపీకే అంటే పేరు మార్చుకున్న జిప్ ఫైలే. డెక్స్‌లో కోడు, రిసోర్సెస్ ఫైల్లో తెర మీద కనిపించే మాటలు. వీటిని విప్పి, మార్చి, మళ్ళీ కట్టే పనిముట్లు ఇప్పుడు ఫోన్లోనే నడుస్తాయి. అరుగు మీద కూర్చుని అరగంటలో "పరగడుపున", "తిన్నాక" అని పెట్టేశా. అక్షరాల సైజూ పెంచేశా. గర్వంగా ఇన్‌స్టాల్ నొక్కితే "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్".

కారణం నాకు తెలుసు. లోపల మార్చాక అసలు డెవలపర్ సంతకం చెల్లదు. 2016లో ఆండ్రాయిడ్ 7.0తో వచ్చిన రెండో తరం సంతకం దాదాపు ఫైలు మొత్తానికీ కాపలా కాస్తుంది. అందుకే పనిముట్టు కొత్త సంతకం పెట్టింది. సంతకం వేరైతే పాత యాప్ మీద అప్‌డేట్‌గా కూర్చోదు. పాతది తీసేయాలి. తీసేశా. దాంతోపాటే 14 నెలల రీడింగులూ పోయాయి. వారంలో డాక్టరుకి చూపించాల్సినవి. బ్యాకప్ తీయాలన్న ఆలోచనే రాలేదు, రోజూ జూనియర్లకి అదే నీతి చెప్పే నాకు!

ఆండ్రాయిడ్‌ని తిట్టుకోబుద్ధయింది గానీ, తప్పు దానిది కాదు. ఆ కట్టడి లేకపోతే, ఎవడైనా మీ బ్యాంకు యాప్‌కి దొంగ అప్‌డేట్ చేసి లోపలి డేటా చదివేస్తాడు.

ఇంతలో మా పిన్ని కొడుకు "అన్నా, ఆ ఏపీకే నాకూ పంపవా, మా నాన్నకి పెడతా" అన్నాడు. పంపలేదు. మొహం మాడ్చుకున్నాడు. నేను మార్చింది నాలుగు మాటలేనని నాకు తెలుసు, వాడికెలా తెలుస్తుంది? పైగా ఫోన్లో నడిచే ఇలాంటి పనిముట్లు చాలావాటిలో, మనం సొంత కీ ఇవ్వకపోతే, అందరికీ తెలిసిన టెస్ట్ కీతోనే సంతకం పెట్టేస్తాయి. ఆ ప్రైవేట్ కీ ఆండ్రాయిడ్ సోర్సు కోడుతోపాటే బహిరంగంగా దొరుకుతుంది. అంటే ముక్కూమొహం తెలీనివాడు కూడా మీ మోడ్ యాప్‌కి "అప్‌డేట్" తయారు చేయగలడు, అదీ డేటాతో సహా చక్కగా కూర్చుంటుంది. పెళ్ళి శుభలేఖ పేరుతో, చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకేలు పంపి ఖాతాలు ఖాళీ చేస్తున్న రోజులివి.

అందుకే నా మటుకు నాకు గీత ఇక్కడ: మీ ఫోన్లో, మీ చేత్తో, మీ సొంత కీతో మార్చుకోండి, తప్పులేదు. ఊరికి పంచడం వేరు. డబ్బు కట్టాల్సిన యాప్‌లో ఒక్క షరతు తిప్పేసి ప్రీమియం అనిపించుకోవడం ఇంకా వేరు, అది ఎదుటివాడి జీతం. (అన్నట్టు, ఆ షరతుని సర్వర్లో కాకుండా ఫోన్లో పెట్టిన డెవలపరుకీ రెండు అక్షింతలు వేయాలి.)

2025 ఆగస్టులో గూగుల్, డెవలపర్లు ఎవరో తేల్చుకున్నాకే ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోన్లలో వాళ్ళ యాప్‌లు ఎక్కనిస్తామని, 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెడతామని ప్రకటించింది. గోల జరిగాక నవంబరులో, అనుభవమున్నవాళ్ళకి వేరే దారి ఉంచుతామంది. ఆ దారిలో ఎన్ని హెచ్చరికలైనా పెట్టుకోనీండి, గోడ మాత్రం కట్టకూడదు. అరుగు మీద కూర్చుని నాన్న కోసం నాలుగు మాటలు తెలుగు చేసుకోవడానికి ఒకరి అనుమతి దేనికి?

నాన్న ఏమీ అనలేదు. తెలుగు మాటలు బాగున్నాయన్నారు. రీడింగులు మాత్రం ఇప్పుడు గోడ మీది క్యాలెండరు గళ్ళలో కూడా రాస్తున్నారు.