సముద్రం వదిలి వెళ్లిన కోట

కోట నుంచి కిందికి 108 మెట్లు. పడవల్లో వచ్చే సరుకులు పైకి చేర్చడానికి కట్టిన దారి అది. ఇప్పుడు ఆ మెట్లు దిగితే పడవలుండవు, అలలుండవు. రైలు పట్టాలు, ఇళ్లు, గోల్ఫ్ మైదానం కనిపిస్తాయి! బ్రిటన్ పశ్చిమ తీరంలో, వేల్స్‌లో ఉన్న హార్లెక్ కోట వింత ఇదే.

1283లో వేల్స్‌ను జయించిన ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్, అక్కడివారు మళ్లీ తల ఎత్తకుండా తీరం వెంట కోటలు కట్టించాడు. వాటిలో ఇదొకటి. ఆరేళ్లలో, 1289 నాటికి పూర్తయింది. అప్పట్లో సముద్రపు నీళ్లు కోట ఉన్న రాతిగుట్ట పాదం దాకా వచ్చేవి. చుట్టూ శత్రువులు దారులు మూసేసినా నీటిదారి ఒక్కటి తెరిచి ఉంటే చాలు, లోపలివాళ్లు బతికిపోతారు. 1294లో జరిగిందదే. మాడొగ్ నాయకత్వంలో వేల్స్ ప్రజలు తిరగబడి కోటను ముట్టడిస్తే, ఐర్లండ్ నుంచి ఓడల్లో వచ్చిన తిండి లోపలున్న కొద్దిమంది సైనికుల ప్రాణాలు నిలిపింది.

1404లో మాత్రం కోట వేల్స్ వీరుడు ఓవైన్ గ్లిన్‌డూర్ వశమైంది. తమను అణచడానికి కట్టిన కోటలోనే ఆయన కాపురం పెట్టాడు. 1405లో హార్లెక్‌లోనే తన పార్లమెంటును కూడా సమావేశపరిచాడు. ఆ వైభవం ఎంతోకాలం నిలవలేదు. ముట్టడిలో తిండి కరవై, 1409లో కోట మళ్లీ ఇంగ్లిషువాళ్ల చేతికి పోయింది. ఆయన భార్య, కుమార్తెలు బందీలయ్యారు. 1461 నుంచి ఏడేళ్లపాటు సాగిన మరో ముట్టడిని తట్టుకోవడానికీ నీటిదారే ఆసరా అయింది.

అంత కాపాడిన సముద్రం, ఇసుక మేటలు వేస్తూ దాదాపు కిలోమీటరు దూరం జరిగింది. ఆ మేటలే నేడు ప్రకృతి పరిరక్షణ కేంద్రంగా ఉన్న మోర్ఫా హార్లెక్ ఇసుక దిబ్బలు. వాటిని దాటితే విశాలమైన బీచ్. పిల్లలు పరుగులు తీయడానికి కావలసినంత చోటు.

1986లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఈ కోటలోకి 2015లో కట్టిన వంతెన మీదుగా వెళ్లొచ్చు. ఎండ కాసిన రోజున గోడల పైనుంచి ఒకవైపు స్నోడోనియా కొండలు, మరోవైపు సముద్రం కనువిందు చేస్తాయి. పక్కనే ఉన్న నిట్టనిలువు వీధికి 2019లో ప్రపంచంలోకెల్లా ఏటవాలు వీధిగా గిన్నిస్ గుర్తింపు వచ్చింది. ఏడాది తిరక్కుండానే అది న్యూజిలాండ్‌లోని డనెడిన్‌కు తిరిగి వెళ్లిపోయింది!

బర్మింగ్‌హామ్ నుంచి తీరం వెంట సాగే రైల్లో ఇక్కడికి చేరుకోవచ్చు. స్టేషన్ సరిగ్గా గుట్ట కిందే ఉంటుంది... ఒకప్పుడు పడవలు వచ్చి ఆగిన వైపునే.