నీళ్ళు పడలేదనే ముందు...

బదిలీ మీదనో, పిల్లల ఉద్యోగాల కారణంగానో దూరప్రాంతానికి వెళ్ళిన వారి నోట తరచుగా వినవచ్చే మాట ఒకటున్నది: “ఈ ఊరి నీళ్ళు మాకు పడలేదండీ.” జలుబు చేసినా, ఆకలి మందగించినా, చర్మం పగిలినా, జుట్టు రాలినా నేరం నీళ్ళదే. కాకినాడ విడిచి ఢిల్లీలో కాపురం పెట్టిన నాటి నుండి ఈ మాట వినని సంవత్సరం నాకు లేదు. నా అభిప్రాయంలో ఈ ఆరోపణలో సగానికి పైగా అన్యాయమే. మనకు పడనిది చాలావరకు అక్కడి నీరు కాదు; ఇక్కడి నుండి మార్పు లేకుండా మోసుకుపోయిన మన దినచర్య.

ఆయుర్వేదం దేశాన్ని మూడు విధాలుగా చెప్పింది. నీరు, చెట్టుచేమలు సమృద్ధిగా గలది అనూపదేశం. నీరు తక్కువై పొడిగాలులు వీచేది జాంగలదేశం. ఈ రెంటికీ మధ్యస్థమైనది సాధారణదేశం. అనూపంలో కఫం, జాంగలంలో వాతం ప్రబలుతాయని శాస్త్రం. మన గోదావరి డెల్టా అనూపానికి చక్కని ఉదాహరణ. వర్షాకాలం మినహాయిస్తే ఢిల్లీ జాంగలానికే దగ్గరని నేననుకుంటాను. కాకినాడలో చలికాలమంటే తెల్లవారుజామున దుప్పటి లాక్కోవడం. ఢిల్లీలో జనవరి రాత్రుల ఉష్ణోగ్రత సగటున 7 డిగ్రీల దాకా దిగుతుంది. మే, జూన్ నెలలలో 40 డిగ్రీలు దాటిన ఎండకు ‘లూ’ అనే వడగాలి తోడవుతుంది.

ఈ మార్పును మనకంటె ముందు వంటగది గ్రహిస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకునేది గనుక చలికాలమంతా సీసాలో గడ్డకట్టి ఉంటుంది. పాలు ఒక పట్టాన తోడుకోవు. ఇడ్లీపిండి తెల్లవారినా పొంగదు. అప్పుడు గృహిణి ఏం చేస్తుంది? పాలు కాస్త వేడిగా ఉండగానే తోడువేసి, గిన్నెను కంబళిలో చుట్టి వెచ్చని మూల దాస్తుంది. పెరుగు గిన్నెకు చేసిన ఆ మర్యాద ఇంట్లోని మనుషులకు చేయకపోతే ఎట్లా?

హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందని, అందుచేత గురువైన, స్నిగ్ధమైన ఆహారం అవసరమని చరకసంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయం చెబుతున్నది. ఢిల్లీ పరిసరాల వారు చలికాలంలో నువ్వులు-బెల్లం ఉండలు, నెయ్యి రాసిన సజ్జరొట్టె, ఆవాకు కూర తినడంలో ఆ సూత్రమే కనబడుతుంది. మనవారు మాత్రం చలిలోనూ రాత్రిపూట చల్లని పెరుగన్నమే తిని, తెల్లవారి గొంతు పట్టేసిందని వాపోతారు. ఆ నెలలలో రాత్రి భోజనం వేడివేడిగా, మిరియాల చారుతో ముగించడం మేలు. స్నానానికి ముందు గోరువెచ్చని నువ్వులనూనెతో ఒళ్ళు మర్దన చేసుకుంటే చర్మం పగుళ్ళు తగ్గుతాయి. మరీ సలసలమనే నీళ్ళు పోసుకుంటే చర్మం మరింత పొడిబారుతుంది. మధుమేహం ఉన్నవారు బెల్లపు ఉండల జోలికి పోరాదు.

వేసవి మరో విధంగా మోసగిస్తుంది. మన తీరంలో చెమట ఒంటిని అంటుకుని ఉంటుంది. అక్కడి పొడిగాలికి పట్టిన చెమట పట్టినట్లే ఆరిపోతుంది. చెమటే పట్టలేదని భ్రమపడి నీళ్ళు తాగడం మరచిపోతాము. దాహం కోసం ఎదురుచూడక పలుచని మజ్జిగ, లేదా ఉడికించిన పచ్చిమామిడి గుజ్జులో వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు కలిపిన పానకం తాగాలి. అక్కడ దానినే ‘పన్నా’ అంటారు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయంలో వైద్యుని సలహా పాటించాలి.

అయితే ఏ మార్పూ ఒక్కరోజులో జరుగరాదు. వెళ్ళే ఋతువు చివరి 7 రోజులు, వచ్చే ఋతువు మొదటి 7 రోజులు కలిపి ఋతుసంధి అనీ, ఆ కాలంలో పాత అలవాటును క్రమంగా విడిచి కొత్తది క్రమంగా పట్టుకోవాలనీ వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. కొత్త వేడికి శరీరం అలవాటుపడి, చెమటలో ఉప్పు పోకను తగ్గించుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుందని నేటి వైద్యం కూడా అంటున్నది. కనుక కొత్త ఊరిలో తొలి పక్షం రోజులు శరీరానికి గడువు ఇవ్వండి. మొదట ఒక పూట మాత్రమే అక్కడి భోజనం. మండుటెండలో పనులు కొద్దికొద్దిగా పెంచుకోవడం. ఇదే నా పద్ధతి.

అన్నిటికంటె నన్ను కలవరపెట్టేది వృద్ధుల విషయం. “అమ్మా, మా దగ్గరకు వచ్చేయండి” అని ప్రేమతో పిలిచే పిల్లలు, ఏ నెలలో పిలుస్తున్నారో ఆలోచించరు. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది. వయసు మళ్ళిన వారికి దాహం సరిగా తెలియదు. కనుక నిండు జనవరిలోనో, మండే మే నెలలోనో పెద్దవారిని తీసుకురావద్దు. దీపావళి రోజుల నుండి ఢిల్లీ గాలి బాగా కలుషితమవుతుంది గనుక ఆయాసం ఉన్నవారికి ఫిబ్రవరి చివర, మార్చి నెలలే అనువైనవి. చలి కాచుకోవడానికి మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎన్నడూ పెట్టరాదు. దాని నుండి వెలువడే వాసనలేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వడదెబ్బకు స్పృహ తప్పినా, గుండెలో నొప్పి వచ్చినా చిట్కాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి చేర్చాలి.

ఇక నీళ్ళకు రావలసిన నింద కొంత ఉన్నది, కాదనను. కొత్త చోట నీటిని కాచి చల్లార్చి తాగడం అవసరమే. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ద్రావణం ఇవ్వాలి. అది సూక్ష్మక్రిములకు సంబంధించిన జాగ్రత్త. మిగిలినదంతా మన చేతిలోని పని. ఊరు మారిన ఇల్లాలు ముందుగా మందుల దుకాణం ఎక్కడని కాక, పక్కింటివారు ఈ నెలలో ఏం వండుకుంటున్నారని అడగాలి. ఆ నేల మీద తరతరాలుగా బతికిన వారి వంటిల్లే అక్కడి మొదటి వైద్యశాల.